బొగ్గు బేరంలో నాలుగవ లెక్క
(మా వాణిజ్య ప్రతినిధి)

బొగ్గు దిగుమతి చేసుకొనే వర్తకులు ఇంతవరకు మూడు లెక్కలు చూసుకొనేవారు. న్యూకాజిల్ ధర, ఓడ కిరాయి, డాలరు మారకపు రేటు. ఇప్పుడు వీటికి నాలుగవది తోడయింది. గనికి అప్పు పుట్టునా, బీమా దొరుకునా అన్నదే ఆ లెక్క. బొగ్గు, చమురు కంపెనీలతో ఆర్థిక సంబంధాలు తెంచుకోవాలని సంస్థలపై వత్తిడి తెస్తున్న ఉద్యమం దీనికి ఒక ముఖ్య కారణం.

ఉద్యమం పుట్టుక

దక్షిణాఫ్రికా వర్ణవివక్షను నిరసిస్తూ, అక్కడ వ్యాపారం చేసే కంపెనీల వాటాలు అమ్మివేయాలని 1980 దశకంలో అమెరికా విద్యార్థులు పట్టుబట్టారు. అదే పద్ధతిని బొగ్గు, చమురులకు వర్తింపజేస్తూ 2012లో బిల్ మెకిబెన్ ప్రభృతులు విశ్వవిద్యాలయాలలో ప్రచారం సాగించారు. 2014 సెప్టెంబరులో రాక్‌ఫెల్లర్ బ్రదర్స్ ఫండ్ ఈ బాట పట్టింది. ఆ కుటుంబపు సిరి స్టాండర్డ్ ఆయిల్ చమురుతో వచ్చినదే కావడం విశేషం. రాబడిలోగాని, విద్యుదుత్పత్తిలోగాని బొగ్గు వాటా 30 శాతం, అంతకు మించి వున్న కంపెనీలలో తమ ప్రభుత్వ నిధి మదుపు పెట్టరాదని 2015 జూన్‌లో నార్వే పార్లమెంటు తీర్మానించింది. అదే సంవత్సరం ఆగస్టులో, ప్రపంచంలోకెల్లా పెద్ద బొగ్గు ఎగుమతి రేవు వున్న న్యూకాజిల్ నగర కౌన్సిలు కూడా బొగ్గుకు అప్పులిచ్చే బ్యాంకులలో తన సొమ్ము తగ్గించుకోవాలని నిశ్చయించింది.

వాటాలు అమ్మితే ఏమయింది?

అమ్మేవాడుంటే కొనేవాడూ వుంటాడు. వాటాలు చేతులు మారినంత మాత్రాన గనిలో ఒక్క టన్ను తగ్గదు. మదుపుదారుల వత్తిడికి తలొగ్గి ఆంగ్లో అమెరికన్ కంపెనీ తన దక్షిణాఫ్రికా థర్మల్ బొగ్గు గనులను 2021 జూన్‌లో తుంగేలా అనే వేరు కంపెనీగా విడదీసింది. 2020లో టన్ను 50 డాలర్ల దరిదాపుల వున్న న్యూకాజిల్ బొగ్గు, ఉక్రెయిన్ యుద్ధం దరిమిలా 2022లో 400 డాలర్లు దాటింది. తుంగేలా వాటా ధర అనేక రెట్లు పెరిగింది. వదులుకున్నవారు లాభం పోగొట్టుకున్నారు, తీసుకున్నవారు బాగుపడ్డారు. బొగ్గు మాత్రం యథాప్రకారం ఓడలకెక్కింది.

అప్పు దగ్గర తగిలిన దెబ్బ

అప్పు సంగతి వేరు. ఇందుకు ఆస్ట్రేలియాలోని కార్మైకేల్ గనే నిదర్శనం. 2010లో అదానీ సంస్థ దీనిని చేపట్టింది. ఏటా 6 కోట్ల టన్నులు తవ్వాలని, 1,650 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు వెచ్చించాలని ఆనాటి పథకం. 2014 నవంబరులో స్టేట్ బ్యాంకుతో 100 కోట్ల డాలర్ల అప్పుకు అవగాహన పత్రం కుదిరినా అది కార్యరూపం దాల్చలేదు. 2017 నాటికి ఆస్ట్రేలియాలోని నాలుగు పెద్ద బ్యాంకులూ మొహం చాటేశాయి. చివరకు 2018 నవంబరులో సంస్థ సొంత డబ్బుతోనే, 200 కోట్ల డాలర్లతో, ఏటా కోటి నుంచి కోటిన్నర టన్నుల గనిగా దానిని కుదించుకొన్నది. 388 కిలోమీటర్ల కొత్త రైలుమార్గం 200 కిలోమీటర్లకు తగ్గింది. తొలి సరుకు 2021 చివర గాని రేవుకు చేరలేదు.

దీనికి ఉద్యమం ఒక్కటే కారణమనరాదు. కోర్టు వ్యాజ్యాలు, 2015 ప్రాంతపు మందీ కూడా తోడయ్యాయి. అయినా గని మూతపడకుండానే, అనుకొన్న సరుకులో అత్యధిక భాగం బజారుకు రాకుండా పోయింది. ఫ్రాన్సులో ఆక్సా 2017లో, జర్మనీలో అలియాంజ్ 2018లో బొగ్గు ప్రాజెక్టుల బీమాపై ఆంక్షలు పెట్టడంతో కట్టు మరికొంత బిగిసింది.

ఎదురుగాలి

ఉద్యమం ఏకధాటిగా సాగుతున్నదనుకోవడం కూడా పొరపాటే. బొగ్గు వ్యాపారాన్ని విడదీయాలనుకొన్న గ్లెన్‌కోర్, వాటాదారుల అభిప్రాయం తెలుసుకొని 2024 ఆగస్టులో ఆ ఆలోచన మానుకొన్నది. అమెరికాలోని పెద్ద బ్యాంకులు 2024 డిసెంబరు, 2025 జనవరి నెలలలో ఐక్యరాజ్యసమితి అండతో ఏర్పడిన వాతావరణ బ్యాంకుల కూటమి నుంచి వైదొలిగాయి.

వర్తకులకు సూచన

విశాఖ, గంగవరం, కృష్ణపట్నం రేవులలో సరుకు దింపుకొనేవారు గమనించవలసింది ఇది: పాత గనుల బొగ్గు ఎప్పటివలెనే వస్తుంది, కొత్త గనులకే పెట్టుబడి కరువు. కొత్త సరుకు తోడు కాని మార్కెట్టులో గిరాకీ కాస్త పెరిగినా తేజీ హద్దు మీరుతుంది. ఉక్కుకు వాడే కోకింగ్ బొగ్గు కంటె థర్మల్ బొగ్గు మీదనే బ్యాంకుల ఆంక్షలు ఎక్కువ. కనుక దీర్ఘకాలిక ఒప్పందాలు రాసుకొనేవారు ధరతోబాటు, అమ్మకందారుని గనికి ఎవరి అప్పు వున్నది, దాని గడువు ఎప్పుడు తీరుతుంది అన్నది కూడా విచారించుకోవడం మంచిది.