రెండు మేలైన హెడ్‌ఫోన్లు: ఒక తులనాత్మక పరిశీలన

ఉర్దూ గజల్‌కు వన్నె తెచ్చిన బేగం అఖ్తర్, తెలుగు పద్యానికి ప్రాణం పోసిన ఘంటసాల, ఇరువురూ 1974వ సంవత్సరంలోనే కన్నుమూశారు. నేడు వారి గాత్రం మనకు ధ్వనిముద్రణల ద్వారా మాత్రమే లభ్యమవుతున్నది. కనుక వినే సాధనం ఎటువంటిదై ఉండాలి అనే ప్రశ్న కేవలం విలాసానికి సంబంధించినది కాదు. ధర పెరిగిన కొలదీ నాణ్యత పెరుగుతుందని మనలో పలువురి విశ్వాసం. అది ఎంతవరకు సత్యమో, ఉన్నత శ్రేణికి చెందిన రెండు హెడ్‌ఫోన్లను పోల్చి పరిశీలిద్దాం.

మొదటిది జర్మనీకి చెందిన సెన్‌హైజర్ సంస్థ 2009లో విడుదల చేసిన హెచ్.డి. 800. రెండవది 2008లో కాలిఫోర్నియాలో స్థాపితమైన ఆడెజీ సంస్థ వారి ఎల్.సి.డి.-2. రెండింటికీ వెలుపలి వైపు తెరచియే ఉంటుంది. కాని లోపల ధ్వని పుట్టే విధానం వేరు. హెచ్.డి. 800లో 56 మిల్లీమీటర్ల వ్యాసం గల వలయాకారపు పొరను ఒక తీగచుట్ట కదిలిస్తుంది. ఎల్.సి.డి.-2లో తీగచుట్ట లేదు. పలుచని విశాలమైన పొరపైననే విద్యుత్ ప్రవహించే గీతలు ఉంటాయి. అయస్కాంత క్షేత్రంలో ఆ పొర అంతా ఒక్కసారిగా కంపిస్తుంది.

ఈ భేదంతో పాటు పొర అమరిక, చెవి చుట్టూ ఉండే ఖాళీ కూడా వినికిడిని మారుస్తాయి. హెచ్.డి. 800లో పొర చెవికి కొంత దూరంగా, ఏటవాలుగా అమరి ఉంటుంది. అందువల్ల వాద్యాలు తల వెలుపల, విశాలమైన వేదికపై వేర్వేరు స్థానాలలో మ్రోగుతున్నట్లు తోస్తుంది. అయితే దాని తారస్థాయిలో, 6,000 హెర్ట్జ్ ప్రాంతంలో, కొంత తీక్షణత కలదు. 2016లో వచ్చిన హెచ్.డి. 800 ఎస్.లో దానిని తగ్గించారు. ఎల్.సి.డి.-2 ఇందుకు భిన్నమైనది. మంద్రస్థాయి లోతుగా, నిండుగా ఉంటుంది. తారస్థాయి మెత్తబడి ఉంటుంది. వేదిక మాత్రం ఇరుకు.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. పైన పేర్కొన్న గాయకులు 78 వేగపు రికార్డులకు పాడినవన్నీ మోనో ధ్వనిముద్రణలే. మోనోలో రెండు చెవులకూ ఒకే ధ్వని చేరుతుంది. గాత్రం తల మధ్యలోనే నిలుస్తుంది. లేని వేదికను ఎంత ఖరీదైన సాధనమైనా చూపజాలదు. పైగా తీక్షణమైన తారస్థాయి ఆ పాత రికార్డుల గరగరను ఎత్తి చూపుతుంది. వాటిని వినుటకు ఎల్.సి.డి.-2 అనువైనది కాగా, పెద్ద వాద్యబృందాల స్టీరియో సంగీతానికి హెచ్.డి. 800 తగినది. శ్రేష్ఠత సాధనంలోనే లేదు, వినే విషయంలోనూ ఉన్నది.

ఇక సౌఖ్యం సంగతి. హెచ్.డి. 800 బరువు, తీగను మినహాయించి, 330 గ్రాములు. చెవిని పూర్తిగా చుట్టే విశాలమైన మెత్తలు దానికి ఉన్నాయి. ఎల్.సి.డి.-2 దాదాపు అర కిలో, నమూనాను బట్టి అంతకు పైన కూడా తూగుతుంది. పది నిమిషాలలో తెలియని ఆ బరువు గంట గడిచేసరికి మెడకు తెలుస్తుంది. మెడ నొచ్చుచుండగా రాగం రుచించదు గదా!

పోల్చునప్పుడు తరచుగా జరిగే పొరపాటు ఒకటి కలదు. రెండింటిలో ఏది కొంచెం బిగ్గరగా మ్రోగితే అదే మేలైనదని చెవి భ్రమపడుతుంది. అందుచేత రెండింటి ధ్వనితీవ్రతను ముందుగా సమానం చేసి, ఒకే పాటను, కనీసం ఒక గంటసేపు వినిన పిమ్మటనే తీర్పు చెప్పాలి.

ఆ భ్రమ తీర్పును మాత్రమే కాదు, చెవిని కూడా చెరుపుతుంది. వెలుపలి వైపు తెరచి ఉన్న ఈ హెడ్‌ఫోన్లు బస్సు రొదను గాని, హాస్టలు సందడిని గాని ఆపలేవు. ఆ రొదను మించి వినాలని తీవ్రత పెంచుట సహజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దవారు 80 డెసిబెల్‌ల ధ్వనిని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. 90 డెసిబెల్‌లైతే ఆ హద్దు 4 గంటలు మాత్రమే. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే సూక్ష్మమైన రోమకణాలు ఒకసారి నశిస్తే తిరిగి మొలకెత్తవు.

హెడ్‌ఫోన్ పాడైతే మరొకటి కొనవచ్చు. చెవి అట్లు కాదు. కావున విద్యార్థి మిత్రులారా, కొనే స్తోమత ఉన్నవారు తమ సంగీతానికి, తమ తలకు సరిపడేది ఎన్నుకొనండి. లేనివారు చింతింపనవసరం లేదు. నిశ్శబ్దమైన గదిలో, తక్కువ తీవ్రతలో, సామాన్యమైన హెడ్‌ఫోన్‌తో విన్నా ఆ గజల్, ఆ పద్యం మనసును తాకగలవు. వాటిని అరువదేళ్ల వయస్సులోనూ వినగలిగే చెవిని కాపాడుకొనడమే అన్నింటికంటె విలువైన ఎన్నిక.