పిట్టను పసిగట్టి ఆగిపోయే కుక్క



పెద్ద నాయకుల సభ జరిగేటప్పుడు వేదిక చుట్టూ, పండుగ రోజుల్లో రైల్వే స్టేషన్లలో వాసన చూసుకుంటూ తిరిగే పోలీసు జాగిలాలను మనమందరం చూసే ఉంటాం. వాటిలో వెడల్పాటి తల, లావుపాటి తోక ఉన్న లాబ్రడార్ ఒకటి. దాని పూర్తి పేరు లాబ్రడార్ రిట్రీవర్. రిట్రీవర్ అంటే వెతికి తెచ్చి ఇచ్చేది అని అర్థం. బాంబులు వెతికే ఉద్యోగంలో చేరకముందు దాని తాతముత్తాతల పని, వేటగాడు కొట్టిన పిట్టను పొదల్లోంచి, నీళ్ళలోంచి తెచ్చి చేతికివ్వడం.

మన పల్లెల్లో వేట కుక్క అంటే తరిమి పట్టే కుక్క. కుందేలు లేచిందంటే దాని వెంట పడుతుంది. ఎంత వేగంగా పరుగెత్తితే అంత గొప్ప. కానీ యూరప్‌లో, తరువాత అమెరికాలో పిట్టల వేట కోసం పెంచిన కుక్కల సంగతి వేరు. వాటి గొప్పతనం పరుగులోనే కాదు, ఆగడంలో ఉంది. ఆ కుక్కలను ఎలా పెంచుతారు, ఎలా నేర్పుతారు, ఆ పని ఎవరు చేశారు అన్న సంగతులు ఇక్కడ రాస్తున్నాం. ఎవరికో వేట నేర్పుదామని కాదు. మన దేశంలో వేట నేరం. ఒక ప్రాణికి ఏదైనా నేర్పడం అంటే ఏమిటో ఈ కుక్కల కథలో మనకు పనికొచ్చేది చాలా ఉందని అనిపించి రాస్తున్నాం.

ఎవరి పని వారిది

పిట్టల వేట కుక్కల్లో ముఖ్యంగా నాలుగు రకాలున్నాయి. మొదటిది పాయింటర్. ఇది గాలికి ఎదురుగా పొలంలో అటూ ఇటూ తిరుగుతూ పిట్ట వాసన తగలగానే కొయ్యబారినట్టు ఆగిపోతుంది. మోర పిట్ట వైపు, తోక నిటారుగా, తరచుగా ఒక ముంగాలు పైకెత్తి నిలబడుతుంది. వేటగాడు వచ్చేదాకా కదలదు. రెండవది సెట్టర్. ఇది కూడా అదే పని చేస్తుంది, కాకపోతే నేలకు వంగి నక్కడం దీని పాత అలవాటు. మూడవది స్పానియెల్. పొదల్లో దూరి పిట్టను లేపడం దీని పని. నాలుగవది రిట్రీవర్. పడిన పిట్టను పంటిగాటు పడకుండా నోట కరుచుకుని తెస్తుంది.

పాయింటర్ ఆగడం ఒకరు నేర్పింది కాదు. ఎర మీదకు దూకే ముందు ఏ వేట జంతువైనా ఒక్క క్షణం ఆగుతుంది. పిల్లిలో కూడా మనం దీన్ని చూడవచ్చు. ఆ క్షణం ఎక్కువసేపు ఉండే కుక్కలను ఏరి, తరతరాలుగా జత కట్టించారు. అందుకే రెండు మూడు నెలల పాయింటర్ పిల్ల కూడా ఈకను చూసి ఆగిపోతుంది. ఆ గుణం పుట్టుకతో వచ్చినా, దాన్ని పనిగా మార్చాలంటే నేర్పక తప్పదు.

వల నుంచి తుపాకీకి

తుపాకీతో ఎగిరే పిట్టను కొట్టడం రాకముందు ఇంగ్లండులో కౌజు పిట్టలను వలతో పట్టేవారు. కుక్క పిట్టల గుంపును పసిగట్టి నేలకు నక్కేది. వేటగాళ్ళు వలను ఈడ్చుకుంటూ వచ్చి కుక్క మీదుగా పిట్టల మీద కప్పేవారు. జాన్ కయస్ అనే ఇంగ్లండు వైద్యుడు 1570లో లాటిన్‌లో ప్రచురించిన కుక్కల పుస్తకంలో ఇలాంటి కుక్కను వర్ణించాడు.

అయితే ఆ కుక్కను ఎవరు పడితే వారు పెంచుకోవడానికి లేకుండా పోయింది. 1671లో ఇంగ్లండులో వచ్చిన వేట చట్టం ప్రకారం ఏడాదికి 100 పౌండ్ల ఆదాయం వచ్చే సొంత భూమి, లేదా 150 పౌండ్ల కౌలు భూమి ఉన్నవారికే ప్రధానంగా వేటాడే హక్కు. మిగిలినవారి దగ్గర తుపాకీ గానీ, వల గానీ, పిట్టల కుక్క గానీ ఉంటే భూస్వామి నియమించిన గేమ్‌కీపర్ స్వాధీనం చేసుకోవచ్చు. తన పొలంలో గింజలు తిన్న పిట్టను తానే పట్టుకునే వీలు చిన్న రైతుకు లేదు. ఈ భూమి అర్హత 1831 చట్టంతో గానీ పోలేదు. కుక్కకు కూడా ఆస్తి అడ్డుగోడ కట్టిన కాలమది.

పిల్లను పెంచడం

కుక్కపిల్ల పుట్టినప్పుడు కళ్ళు తెరవదు. సుమారు రెండు వారాలకు తెరుస్తుంది. మూడవ వారం నుంచి సుమారు 12 వారాల వరకు దాని జీవితంలో చాలా ముఖ్యమైన కాలం. ఆ రోజుల్లో చూసిన మనుషులు, విన్న చప్పుళ్ళు, తొక్కిన నేలలు దానికి భయం లేనివి అవుతాయి. అప్పుడు ఒంటరిగా కట్టేసి ఉంచితే తరువాత ఎంత నేర్పినా బెదురు పూర్తిగా పోదు.

పిల్లను తల్లి దగ్గర నుంచి ఏడెనిమిది వారాలకు తెస్తారు. ఆ వయసు నుంచే డిస్టెంపర్, పార్వో టీకాలు, మూడు నెలలకు రేబిస్ టీకా వేయిస్తారు. మొదటి పాఠం దాని పేరు. రెండవది పిలిస్తే రావడం. పిలిచినప్పుడల్లా తిండో, నిమురుడో దొరకాలి. దగ్గరికి వచ్చిన పిల్లను, అంతకుముందు చేసిన తప్పుకు తిట్టకూడదు. తిడితే, రావడమే తప్పని అది నేర్చుకుంటుంది.

తుపాకీ చప్పుడు అలవాటు చేయడం మరీ జాగ్రత్తగా చేయాలి. మొదట తిండి పెట్టేటప్పుడు గిన్నె మోగిస్తారు. తరువాత పిల్ల ఆటలో మునిగి ఉన్నప్పుడు దూరంగా చిన్న చప్పుడు చేస్తారు. అది తల కూడా తిప్పకపోతే, రోజులు గడిచే కొద్దీ దూరం తగ్గిస్తారు. తొందరపడి మొదటి రోజే చెవి పక్కన పేలిస్తే కుక్కకు జీవితాంతం తుపాకీ భయం పట్టుకోవచ్చు. అలాంటి కుక్కను బాగుచేయడం చాలా కష్టం.

శిక్షణ

ఆటతో మొదలవుతుంది. కర్రకు దారం కట్టి, దాని చివర పిట్ట రెక్క కడతారు. పిల్ల ముందు ఆడిస్తే అది దూకుతుంది. ప్రతిసారీ రెక్క ఎగిరిపోతుంది. దూకి లాభం లేదని తెలిశాక ఆగి చూస్తుంది. ఈ ఆట కొద్ది రోజులే. ఎందుకంటే అసలు పని కంటితో కాదు, ముక్కుతో చేయాలి.

తరువాత మెడపట్టీకి 20, 30 అడుగుల తాడు కట్టి పొలంలో వదులుతారు. గాలికి ఎదురుగా, నాగలి చాళ్ళు తోలినట్టు, ఈ కొస నుంచి ఆ కొసకు తిరగడం నేర్పుతారు. వాసన గాలితో పాటు వస్తుంది కాబట్టి వెనుక గాలిలో పరుగెత్తే కుక్కకు పిట్ట తెలియదు, తొక్కినంత పని చేస్తుంది.

అన్నిటికంటే పెద్ద పాఠం 'ఆగు' అన్న మాట. తిండి గిన్నె ముందు మొదట రెండు క్షణాలు ఆపుతారు, తరువాత పది, ఆ తరువాత నిమిషం. ఇంట్లో కుదిరాక పొలంలో. పొలంలో చిన్న పంజరంలో పావురాన్నో, పూరేడు పిట్టనో దాచి ఉంచుతారు. కుక్క వాసన పట్టి ఆగితే మెచ్చుకుంటారు. ముందుకు దూకితే పంజరం మూత తెరుచుకుని పిట్ట ఎగిరిపోతుంది. దానికి వేరే శిక్ష అక్కరలేదు. తొందరపడితే పిట్ట పోతుంది, అంతే.

రిట్రీవర్ పిల్లకు గుడ్డ బొమ్మను విసిరి తెప్పిస్తారు. నోట్లో ఉన్నదాన్ని గుంజుకోరు. గుంజితే అది గట్టిగా కరవడం నేర్చుకుంటుంది. అది తానే చేతిలో పెట్టేదాకా ఓపిక పట్టాలి. ఇంకో చక్కని పాఠం కూడా ఉంది. ఒక కుక్క పిట్టను పసిగట్టి ఆగితే, వెనుక వస్తున్న రెండో కుక్క తనకు వాసన తగలకపోయినా, మొదటిదాన్ని చూసి అక్కడే ఆగాలి. తోటివాడు కష్టపడి కనిపెట్టినదాన్ని తాను దూరి చెడగొట్టకూడదన్నమాట.

దెబ్బలు తిన్న కుక్క ఏం చేస్తుంది?

పిట్ట దగ్గర ఆగిన కుక్క తప్పటడుగు వేసిందని అక్కడే కొడితే ఏమవుతుంది? దెబ్బ ఎందుకు పడిందో దానికి తెలియదు. దానికి తెలిసిందల్లా పిట్ట వాసన, ఆ వెంటనే నొప్పి. ఆ మరుసటి రోజు నుంచి వాసన తగిలినా తగలనట్టు పక్కకు తప్పుకుని పోతుంది. ఇంగ్లీషులో ఇలాంటి కుక్కను బ్లింకర్ అంటారు. దాని ముక్కులో లోపం లేదు. పిట్ట ఎక్కడుందో దానికి తెలుసు. చెప్పడానికే భయం.

ఈ సంగతి తెలిసినప్పుడు మేము చాలాసేపు మాట్లాడుకున్నాం. జవాబు తెలిసి కూడా చెయ్యి ఎత్తని పిల్లవాడు ప్రతి క్లాసులో ఉంటాడు. మాలోనూ ఉన్నారు. ఎక్కాలు తప్పు చెప్పినందుకు బెత్తం దెబ్బ తిన్నాక, సరైనవి కూడా నోట్లోనే మింగేసిన రోజులు మాకు గుర్తున్నాయి. తెలియనివాణ్ణీ, భయపడ్డవాణ్ణీ ఒకటే అనుకున్న చోట ఎంతమంది వెనుక బెంచీల్లో మిగిలిపోయారో ఎవరు లెక్క పెట్టారు? కుక్కల విషయంలో కూడా ఆలోచన మారుతున్నది. షాక్ కొట్టే మెడపట్టీలను వేల్స్ ప్రభుత్వం 2010లోనే నిషేధించింది.

కష్టం ఒకరిది, పేరు ఒకరిది

1859లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జరిగిన కుక్కల ప్రదర్శనలో పాయింటర్లు, సెట్టర్లు మాత్రమే పాల్గొన్నాయి. గెలిచినవారికి తుపాకులు బహుమతి. 1865లో సౌత్‌హిల్ అనే చోట పొలంలో పని చూసి మార్కులు వేసే పోటీ మొదలైంది. గోల్డెన్ రిట్రీవర్ జాతికి మూలమైన పిల్లలు 1868లో స్కాట్లండులో డడ్లీ మార్జరీబ్యాంక్స్ అనే ధనవంతుని ఎస్టేటులో పుట్టాయి. చరిత్రలో ఆయన పేరు నిలిచింది. కానీ ఇలాంటి ఎస్టేట్లలో కుక్కలకు గంజి కాచి, గోమార్లు ఏరి, కాలిలో ముల్లు తీసి, చలిలో పొలాల వెంట తిప్పి నేర్పింది జీతానికి పనిచేసే కీపర్లు.

అమెరికాలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1865లో బానిసత్వం రద్దయిన తరువాత, జార్జియాలోని థామస్‌విల్‌కూ ఫ్లోరిడాలోని తల్లహాసీకీ మధ్య ఉన్న పాత పత్తి తోటలను ఉత్తరాది ధనవంతులు కొని చలికాలపు వేట ఎస్టేట్లుగా మార్చుకున్నారు. అక్కడ బాబ్‌వైట్ అనే పూరేడు జాతి పిట్టలు ఉంటాయి. రాత్రిపూట ఇవి తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి గుండ్రంగా పడుకుంటాయి. ఏ వైపు నుంచి శత్రువు వచ్చినా ఎవరో ఒకరికి తెలుస్తుంది. ఆ ఎస్టేట్లలో కుక్కలకు శిక్షణ ఇచ్చినవారిలో, కంచర గాడిదల బండి తోలినవారిలో, తప్పిపోయిన కుక్కను వెతికి తెచ్చినవారిలో ఎక్కువమంది నల్లజాతివారు. ఈ విద్య తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. పెద్ద పోటీల్లో కప్పులు, పుస్తకాల్లో పేర్లు మాత్రం చాలాకాలం ఎక్కువగా తెల్ల యజమానులకే దక్కాయి. ఈ మాట మన హాస్టల్ పిల్లలకు విడమరిచి చెప్పనక్కరలేదు. మన తాతలు దున్నిన పొలాలు ఎవరి పేరు మీద ఉన్నాయో మనకు తెలుసు.

అదే ముక్కు, కొత్త పని

మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో కొన్నిటిని లైసెన్సుతో వేటాడే వీలుండేది. 1991 సవరణ దాన్ని కూడా తీసేసింది. కౌజు పిట్టకు ఉచ్చు పెట్టినా నేరమే. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు తమ్ముళ్ళకు ఈ మాట చెప్పాలి.

వేట ఆగిన చోట కూడా ఆ కుక్కల విద్య వృథా కాలేదు. న్యూజిలాండ్‌లో రిచర్డ్ హెన్రీ అనే ఆయన 1894 నుంచి రెజల్యూషన్ దీవి దగ్గర ఉంటూ, మూతికి చిక్కం కట్టిన కుక్కతో కకాపో అనే ఎగరలేని చిలుకలను వెతికించి, వందల పక్షులను క్షేమంగా ఉంటాయనుకున్న దీవికి చేర్చాడు. ఆ దేశంలో నేటికీ పాయింటర్లు, సెట్టర్ల వంటి కుక్కలు అరుదైన పక్షులను కాపాడడానికి వెతికి చూపుతున్నాయి. చంపడానికి వెతికిన ముక్కే బతికించడానికి వెతుకుతున్నది. మన దేశంలోనూ 2008 నుంచి అటవీ శాఖల కోసం పులి చర్మాలు, గోళ్ళు పట్టించే జాగిలాలను తయారు చేస్తున్నారు.

ఇందులో ఉపాధి కూడా ఉంది. ఇంటర్ బైపీసీ చదివినవారు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో గానీ, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయంలో గానీ పశువైద్య డిగ్రీ చదవవచ్చు. పోలీసు శాఖలో చేరినవారికి జాగిలాల దళంలో పనిచేసే అవకాశం ఉంటుంది. హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లోనూ, మధ్యప్రదేశ్‌లోని టేకన్‌పూర్‌లో బి.ఎస్.ఎఫ్. కేంద్రంలోనూ జాగిలాలకు, వాటిని నడిపేవారికి శిక్షణ ఇస్తారు.

చివరగా ఒక్క మాట. మనలో చాలామంది రేపు టీచర్లవుతారు, వార్డెన్లవుతారు, తల్లిదండ్రులవుతారు. ఎదురుగా ఉన్న పిల్లవాడు నోరు విప్పకపోతే, వాడికి రాదని రాసేసే ముందు ఒకసారి ఆగండి. వాడికి తెలిసే ఉండవచ్చు. ఆ పిట్టల కుక్కకు తెలిసినట్టే.