మీకు తెలుసా? శివారు గదికి వైఫై అందాలంటే...

రూటరు అట్టపెట్టె మీద ‘ఏసీ 1200’ అని ఉంటే అది చల్లదనం లెక్క కాదని మీకు తెలుసా? నవ్వకండి. మా మావయ్య రాజమండ్రిలో షాపు కుర్రాణ్ణి అచ్చం అదే అడిగాడు. “ఏసీ ఉందంటున్నావు, అయితే వేడెక్కదా బాబూ?” కుర్రాడు తడుముకోకుండా “ఆయ్, ఎక్కదండి” అన్నాడు. ఎక్కుతుంది. చలికాలంలో బల్లులు దాని వెనకాలే కాపురం పెట్టేటంత ఎక్కుతుంది.

‘ఏసీ’ అనేది వైఫై అయిదో తరానికి ఇంజినీర్లు పెట్టుకున్న గుర్తు. 1997లో 802.11 అనే ప్రమాణం వచ్చింది. దాని తోకకి బి, జి, ఎన్, ఏసీ, ఏఎక్స్ అని అక్షరాలు తగిలిస్తూ పోయారు. కొనేవాళ్లకి తల తిరిగిపోతోందని 2018లో వైఫై అలయన్స్ వాళ్లు మామూలు అంకెల్లోకి దిగారు. ఎన్ అంటే నాలుగు, ఏసీ అంటే అయిదు, ఏఎక్స్ అంటే ఆరు. ఏడో తరానికి ధ్రువపత్రాలివ్వడం 2024 జనవరిలో మొదలైంది.

ఇక ఆ 1200. రూటరు రెండు బ్యాండుల్లో పనిచేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో 300 ఎంబీపీఎస్, 5 గిగాహెర్ట్జ్‌లో 867. రెండూ కూడితే 1167. దాన్ని గుండ్రంగా చేసి 1200 అని అచ్చేశారు. మామూలు ఫోను ఒకసారికి ఒక బ్యాండులోనే ఉంటుంది కాబట్టి ఆ మొత్తం ఎవరి చేతికీ రాదు. గోదావరి తూర్పు డెల్టా నీళ్లూ పశ్చిమ డెల్టా నీళ్లూ కూడి, ఇదిగో నీ చేనికొచ్చే నీరు అని రైతుకి చెబితే ఊరుకుంటాడా? రూటరు దగ్గర మాత్రం ఊరుకుంటున్నాం.

రూటరు వెనకాల ఇంకో తిరకాసుంది. చవక రూటర్లలో తీగ గుచ్చే పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే ఉంటాయి. మీరు నెలనెలా 200 ఎంబీపీఎస్ ప్లానుకి డబ్బు కడుతున్నా, ఆ పోర్టు దాటి లోపలికొచ్చేది 95కి మించదు. కాలువ ఎంత వెడల్పైతేనేం, తూము సన్నం. అట్టపెట్టె మీద ‘గిగాబిట్ పోర్టులు’ అని ఉందో లేదో చూడండి. యాంటెన్నాలు లెక్కపెట్టడం కంటే ఇది ముఖ్యం.

◆

వైఫై అంటే ‘వైర్‌లెస్ ఫిడెలిటీ’ అని చాలామంది చెబుతారు. అది దేనికీ పొట్టిపేరు కాదు. 1999లో ఇంటర్‌బ్రాండ్ అనే పేర్లు పెట్టే కంపెనీ చేత డబ్బిచ్చి పెట్టించుకున్న పేరు, అంతే.

◆

లంక గ్రామాలవాళ్లకి నచ్చే సంగతొకటి. వైఫైకి ముత్తాత లాంటిది దీవుల మధ్య పుట్టింది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం, వేరువేరు దీవుల్లో ఉన్న కళాశాలల్ని ఒక్క కంప్యూటరుకి రేడియోతో కలిపింది. పేరు అలోహానెట్. వేగం సెకనుకి 9,600 బిట్లు. ఇవాళ మన ఫోనుకి అది ఆవలింతకి కూడా చాలదు. అక్కడ వాళ్లకి ఎదురైన చిక్కు ఏంటంటే, గాలి అందరిదీ ఒకటే. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా చెడుతుంది. వాళ్లు కనిపెట్టిన ఉపాయం: మాట చెడితే ఎవరికి తోచినంతసేపు వాళ్లు ఆగి, మళ్లీ చెప్పడం. ఎవరు ఎంతసేపు ఆగాలో ముందు రాసిపెట్టుకోకపోవడమే దాని గొప్ప.

మన వైఫై కొంచెం మర్యాద నేర్చింది. మాట్లాడేముందు చెవి పెట్టి, ఎవరూ మాట్లాడటం లేదనుకున్నాకే నోరు విప్పుతుంది. అంటే ఇంట్లో ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ అన్నీ వంతులవారీగానే నడుస్తాయి. దాళ్వాకి నీళ్లు చాలనప్పుడు కాలువల మీద వంతులు పెట్టినట్టే. కానీ కాలువ వంతులో లేని అన్యాయం ఇందులో ఒకటుంది. దూరంగా మూల గదిలో ఉన్న పాత ఫోను నత్తలా మాట్లాడుతుంది. అందరూ ఒక సెకనులో చెప్పే మాటకి దానికి పది పడుతుంది. ఆ పదీ అయ్యేదాకా మిగతావాళ్లంతా నోరు మూసుకుని కూర్చోవాలి. ‘మా రూటరు మంచిదేనండీ, సాయంత్రమైతే నీరసిస్తుంది’ అనే ఇళ్లలో చాలాసార్లు దోషి రూటరు కాదు, బామ్మగారి ఫోను. ఆ పాతవాటిని 2.4కి, కొత్తవాటిని 5కి కట్టేస్తే సగం గొడవ తీరుతుంది. వైఫై 6 రూటర్లు ఒకే వంతులో నలుగురైదుగురికి తలా కొంచెం పంచగలవు. పది పరికరాలు దాటిన ఇంటికి ఆరో తరం కొనమనే చెబుతాను. ఏడో తరానికి పెట్టే అదనపు డబ్బు ప్రస్తుతానికి దండగ.

◆

డెల్టాలో కాలువ బాగా పారుతోందో లేదో హెడ్ లాకుల దగ్గర నిలబడి ఎవరూ చెప్పరు. శివారు చేనుకి వెళ్లి చూసి చెబుతారు. ధవళేశ్వరంలో కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేసిన నాటినుంచీ ఇక్కడ తగువులన్నీ శివారు నీటి మీదే. ఇంట్లో వైఫైకీ అదే పరీక్ష. రూటరు పక్కన నిలబడి స్పీడు చూసుకుని మురిసిపోవడం కాదు, పెరటి గదిలో, మేడమీద, స్నానాల గది గోడ అవతల ఎంతొస్తోందో చూడాలి.

మా మావయ్యది మండువా లోగిలి. వీధి వైపు అరుగు, మధ్యలో చావడి, వెనక పెరటి గది. హైదరాబాదు కంపెనీలో పనిచేసే మనవడు ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆ పెరటి గదిలోనే కూర్చుని పని చేసుకుంటాడు. కేబులు కుర్రాడేమో వీధి గదిలో టీవీ పక్కన, దీపం గూట్లో పెట్టె పెట్టి వెళ్లిపోయాడు. చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ ఆ గూడు మూరెడు మందం గోడలో ఉంటుంది. మూడు వైపులా సున్నం, ఇటుక. దీపానికి గాలి తగలకుండా కట్టిన గూడు తరంగాన్ని మాత్రం ఎందుకు వదులుతుంది?

5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 6 సెంటీమీటర్లు, 2.4ది పన్నెండున్నర. పొట్టిదానికి వేగం ఎక్కువ, గోడ దాటే ఓపిక తక్కువ. ఇనుప బీరువా, నిలువుటద్దం, ఊచలు దట్టంగా వేసిన స్లాబు, ఇవి మూడూ దాని శత్రువులు. నీళ్లు నాలుగోది. చేపల తొట్టె వెనకాల రూటరు పెట్టకూడదంటే చాలామంది నమ్మరు. పెళ్లింట్లో జనం నిండగానే వైఫై పడిపోవడానికి ఫోన్లు పెరగడం ఒక కారణం, జనం రెండో కారణం. మనమంతా సగానికి పైగా నీళ్లున్న కుండలమే కదా.

మైక్రోవేవ్ పొయ్యి కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. వంటింట్లో అది తిరుగుతున్నంతసేపూ పక్కగదిలో 2.4 వైఫై నత్తి పడితే ఆశ్చర్యపోవద్దు.

◆

రూటరు యాంటెన్నా నుంచి తరంగం ఏ ఆకారంలో వస్తుంది? గారె ఆకారంలో. నిజం. పుల్ల గారె చిల్లులో నిలబడిందనుకోండి, సిగ్నలు చుట్టూరా పరుచుకుంటుంది, పుల్ల కొస వైపు ఏమీ పోదు. అన్నీ నిటారుగా నిలబెడితే ఆ అంతస్తుకి బాగుంటుంది. మేడమీదకి కూడా కావాలంటే ఒకదాన్ని పడుకోబెట్టండి. పుల్ల కొసని పెరటి గదివైపు తుపాకీలా గురిపెట్టి ‘ఇప్పుడు వస్తుంది చూడు’ అనడం మాత్రం పని చెడగొట్టుకోవడమే.

ఆరు కొమ్ములున్న రూటరుకి ఎక్కువ దూరం వస్తుందనుకోవడం కూడా సగమే నిజం. ఎంత గట్టిగా ప్రసారం చెయ్యొచ్చో చట్టంలో హద్దుంది. పైగా ఇది రెండువైపులా సాగాల్సిన మాట. రేవులో నిలబడి మీరు మైకులో కేకేస్తే అవతలి ఒడ్డు పడవవాడికి వినిపిస్తుంది. అతని దగ్గర మైకు లేదు. ఫోను పరిస్థితి అదే. అందుకే సిగ్నలు గీతలు నిండుగా కనిపిస్తున్నా పని మాత్రం కదలదు.

◆

ఇంటింటికీ ఫైబరు అన్న ముచ్చట ఆంధ్రాలో ముందు తీరింది కోనసీమ పల్లెకే. సఖినేటిపల్లి మండలం మోరి, అంతర్వేదికి దగ్గర్లో జీడిపప్పుకి పేరున్న ఊరు. 2016 డిసెంబరులో ప్రభుత్వ ఫైబర్‌నెట్ అక్కడ మొదలైంది. మరుసటి ఏడాది డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో దాన్ని రాష్ట్రానికి అంకితం చేశారు. అప్పట్లో నెలకి 149 రూపాయలకి టీవీ, ఫోను, 15 ఎంబీపీఎస్ నెట్టు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగడం వల్ల అంత చవకగా కుదిరింది. తుపాన్లొచ్చే తీరంలో స్తంభాలు పడితే తీగా పడుతుంది, అది వేరే సంగతి.

అదే నెలలో గూగుల్ సోదర సంస్థ ‘ఎక్స్’ ఇంకో చిత్రం ప్రకటించింది. తీగే లేకుండా, కంటికి కనిపించని సన్నని కాంతి పుంజంతో 20 కిలోమీటర్ల దూరం దాకా 20 గిగాబిట్ల వేగం పంపే 2,000 లింకులు ఆంధ్రాలో పెడతామన్నారు. ఆ పని తర్వాత తారా అనే పేరుతో సాగి, 2021లో కాంగో నది ఈ ఒడ్డు బ్రాజావిల్ నుంచి ఆ ఒడ్డు కిన్షాసాకి, దాదాపు 5 కిలోమీటర్లు, కాంతితోనే దాటింది. గోదావరి పాయలు చూసి పెరిగినవాళ్లకి ఆ వార్త చదివితే కొంచెం అసూయ కలగాలి.

15 ఎంబీపీఎస్ అంటే తక్కువనుకుంటారేమో. హెచ్‌డీ సినిమాకి 5 చాలు. 2023 జనవరి నుంచి మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస వేగం 2 ఎంబీపీఎస్. ప్లాను పెంచుకుంటూ పోయేవాళ్లలో సగం మందికి కావాల్సింది ప్లాను కాదు, పెట్టె ఇంకోచోట పెట్టడం.

◆

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువులున్నవాళ్లు ఇంటి రూటరుతో గట్టు మీది కెమెరా నడవాలని చూస్తారు. అది కుదరదు. దూరానికి ఒకే దిక్కున చూసే గిన్నె యాంటెన్నాలు జత కావాలి, ఇంటి మీదొకటి, మకాం మీదొకటి. రెండిటి మధ్యా కొబ్బరి తల అడ్డు రాకూడదు. ఎండలో దాటిన సిగ్నలు వాన పడి ఆకులు తడిశాక దాటదు. ఆ బాధ పడలేకపోతే మకాంలో సిమ్ కార్డు వేసే 4జీ రూటరు పెట్టుకోవడం నయం.

◆

రాజమండ్రి తాడితోట బట్టల మార్కెట్ లాంటి చోట, లేదా పదిహేనుమంది పనిచేసే ఆఫీసులో నియమం ఒక్కటే: కదలని వస్తువుకి తీగ, కదిలేదానికి వైఫై. బిల్లింగు కంప్యూటరు, ప్రింటరు, సీసీ కెమెరాల డబ్బా తీగ మీద ఉంటే గాలి ఖాళీ అవుతుంది. కొనుగోలుదారులకి వైఫై ఇవ్వాలనుకుంటే గెస్ట్ నెట్‌వర్క్ విడిగా పెట్టండి, లెక్కల కంప్యూటరున్న దాంట్లోకి రానివ్వొద్దు. రూటరు కొన్నప్పుడు వచ్చే ‘అడ్మిన్, అడ్మిన్’ పాస్‌వర్డు అలాగే వదిలేసినవాళ్ల పరికరాలు, కెమెరాలే 2016లో మిరాయ్ అనే వైరస్‌కి సైన్యమయ్యాయి. లక్షల కొద్దీ.

అపార్టుమెంట్లలో ఇంకో ఇబ్బంది. 2.4లో ఒకదాన్నొకటి తొక్కుకోకుండా ఉండే దారులు (ఛానెళ్లు) మూడే: 1, 6, 11. ఇరవై ఫ్లాట్లకి మూడు దారులు. 5 గిగాహెర్ట్జ్‌లో కేంద్రం 2018 అక్టోబరులో 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వదిలింది కాబట్టి అక్కడ ఊపిరాడుతుంది.

అమెరికా నుంచి అబ్బాయి తెచ్చిన రూటరు గుచ్చేముందు ఎడాప్టరు మీద ‘100–240’ అని ఉందో లేదో చూడండి. ఉత్త 120 అని ఉంటే మన 230 దెబ్బకి పొగొస్తుంది.

◆

మావయ్య ఇంట్లో చివరికి ఏం చేశామంటే, రిపీటరు కొనలేదు. చవక రిపీటరు విన్నదాన్నే మళ్లీ అదే గాలిలో చెప్పాలి కాబట్టి వేగం సగానికి పడుతుంది. చూరు కింద నుంచి పెరటి గదిదాకా ఒక ల్యాన్ తీగ లాగి, దాని చివర రెండో పెట్టె పెట్టాం. రాగి తీగ 100 మీటర్లదాకా పనిచేస్తుంది, ఆ ఇల్లు ఎంత పొడుగైనా అంత లేదు. మొదటి పెట్టెని గూట్లోంచి తీసి చావడిలో, ఎత్తున, బయటికి పెట్టాం. “దీపం గూడు ఖాళీ అయిందిరా” అని అత్తయ్య కాస్త నొచ్చుకుంది.

రెండు పెట్టెలకీ చెరో 12 ఓల్టుల చిన్న బ్యాటరీ కూడా పెట్టాం. కొనేటప్పుడు ఎడాప్టరు మీద ఓల్టులు సరిపోవాలి, ఆంపియర్లు ఎక్కువున్నా నష్టం లేదు. మొన్న ఈదురుగాలికి ఊరంతా కరెంటు పోయింది. మావయ్యది జీపాన్ ఫైబరు. ఆ పద్ధతిలో స్తంభం మీద తీగని పాయలుగా చీల్చే డబ్బాకి కరెంటే అక్కర్లేదు, ఉత్త గాజు. టౌనులో మూలయంత్రానికి జనరేటరుంటే చాలు. చీకట్లో అరుగు మీద మావయ్య ఫోనులో క్రికెట్ చూస్తూ కూర్చున్నాడు. నాలుగో ఓవరు అయ్యేసరికి పక్కింటివాళ్లు పాస్‌వర్డు అడగడానికి వచ్చారు.