చమురా? వాయువా?

విద్యార్థులారా! ఒక బావిలో మంచినీరు, మరొక బావిలో ఉప్పునీరు పడటం మీరు ఎరుగుదురు. చమురు బావుల సంగతీ అంతే. ఒకచోట ముడిచమురు పడితే, మరొకచోట సహజవాయువు పడుతుంది. కొన్నిచోట్ల ఏదీ పడదు. ఒక్కొక్క బావికి కోట్ల రూపాయలు ఖర్చవుతాయి. కనుక తవ్వకముందే రెండు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: పూడినది ఏమిటి? పూర్వం సముద్రాల, సరస్సుల అడుగున జీవుల అవశేషాలు బురదతోపాటు పేరుకొన్నాయి. ఆ బురదే గట్టిపడి రాయి అయింది. దీనిని మూలశిల అంటారు. అందులోని జీవపదార్థం 'కెరోజెన్' అనే ఘనపదార్థంగా మారింది. నాచు, సూక్ష్మజీవుల నుండి వచ్చిన కెరోజెన్‌లో హైడ్రోజన్ హెచ్చు. అది ముఖ్యంగా చమురునిస్తుంది. చెట్ల కలప నుండి వచ్చినదానిలో హైడ్రోజన్ తక్కువ; అది ముఖ్యంగా మీథేన్ వాయువునిస్తుంది.

రెండవది: ఎంత ఉడికింది? భూమిలోకి పోయినకొద్దీ, కిలోమీటరుకు సుమారు 25 నుండి 30 సెంటీగ్రేడు డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. కెరోజెన్ నుండి చమురు పుట్టేది సుమారు 60 నుండి 120 డిగ్రీల మధ్య. 150 దాటితే చమురు అణువులు కూడా విరిగి వాయువవుతాయి. బెల్లం పాకం వంటిదే ఇదీను! లేతపాకమైతే అరిసె రాదు; ముదిరితే మళ్ళీ వెనక్కు రాదు. ఈ పాకాన్ని కనిపెట్టటానికి శాస్త్రజ్ఞులు మూలశిలలోని బొగ్గు రేణువులను సూక్ష్మదర్శినిలో చూస్తారు. అవి ఎంత ఉడికితే అంత మెరుస్తాయి.

అమెరికాలో కొలరాడో, యూటా, వయోమింగ్ రాష్ట్రాలలో 'గ్రీన్ రివర్' శిలలున్నాయి. సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రిందటి సరస్సులలోని నాచు వాటిలో పుష్కలంగా ఉంది. కాని చాలాచోట్ల అవి తగినంత లోతుకు పూడలేదు. కెరోజెన్ పచ్చిగానే మిగిలింది. చమురు కావాలంటే ఆ రాతిని మనమే సుమారు 500 డిగ్రీల వరకు కాల్చాలి!

మన గోదావరి ప్రాంతానికి వద్దాం. మండపేట వద్ద లోతున 25 కోట్ల ఏళ్ళకు పైబడిన బొగ్గుపొరలతో కూడిన 'కొమ్ముగూడెం' శిలలున్నాయి. అవి ఒకప్పటి అడవుల అవశేషాలు; బాగా ఉడికాయి కూడా. అందుకే అక్కడ దొరికేది ప్రధానంగా వాయువు.

ఇప్పుడొక లెక్క. నేలపైన 28 డిగ్రీలు. కిలోమీటరుకు 30 డిగ్రీల చొప్పున పెరుగుతుంది. నాచు నిండిన ఒకే మూలశిల ఒకచోట 1 కిలోమీటరు లోతున, మరొకచోట 3 కిలోమీటర్ల లోతున కోట్ల ఏళ్ళుగా ఉన్నది. చమురు కోసం మీరైతే ఎక్కడ వెదుకుతారు? లెక్క కట్టి చూడండి.