శ్లాబు కారుతోందా? ముందు మేడెక్కండి!

పెచ్చులూడుతుంటే పుట్టీ పెట్టించేవాళ్లున్నారు. చువ్వలు బయటపడ్డాక కూడా పైన మరో అంతస్తు లేపేవాళ్లున్నారు. ఇంటి పైకప్పు విషయంలో డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆగాలి?

తొలకరి పడగానే హాలు మూలన గోధుమరంగు మరక తేలుతుంది. దసరా నాటికి జానెడు వెడల్పవుతుంది. పండక్కి చుట్టాలొస్తారని పెయింటర్ని పిలిచి, పుట్టీ పెట్టించి, తెల్లరంగు కొట్టిస్తాం. మళ్లీ జూన్‌కల్లా మరక అక్కడే ప్రత్యక్షం. ముప్ఫై, నలభై ఏళ్ల కిందటి డాబాలున్న వీధుల్లో ఇదే వరస. జబ్బేమో మేడ మీద, మందేమో హాల్లో!

పాతకాలపు కప్పులు ఏటా చాకిరీ చేయించుకునేవి. రాయలసీమలో వానలకు ముందు మట్టిమిద్దెలపై చౌడు మట్టి పరిచేవారు. పెంకుటిళ్లకు పెంకు తిరగేయించేవారు. 1865లో బాసెల్ మిషన్ కార్ఖానా పెట్టాక ఊరూరికీ పాకిన మంగళూరు పెంకైనా అంతే. పగిలిన ఒక్కటీ తీసి కొత్తది పెడితే సరిపోయేది. శ్లాబు వచ్చాక ఇక జీవితాంతం చూసుకోనక్కర్లేదనుకున్నాం. ఆ ధీమాయే కొంప ముంచుతోంది.

నీళ్లు నిలిచిన చోటే...

వాన వెలిశాక అరగంట ఆగి పైకెళ్లి చూడండి. తూము నోట్లో ఆకులు, ట్యాంకు దిమ్మె చుట్టూ పాకుడు, పిట్టగోడ మొదట్లో నెర్రె, అందులోంచి తొంగిచూసే రావి మొక్క... దోషులు సాధారణంగా వీళ్లే. కింద మరక ఉన్నచోటే పైన చిల్లు ఉండాలనేం లేదు. నీరు ఎక్కడో దిగి, శ్లాబులోని వైరింగ్ పైపు వెంట నడిచి, ఫ్యాను కొక్కెం దగ్గర చుక్కలుగా రాలుతుంది. అందుకే మేస్త్రీలు మేడను భాగాలు చేసి, కట్టలు కట్టి, ఒక్కో భాగంలో ఒకట్రెండు రోజులు నీళ్లు నిలిపి చూస్తారు. పెచ్చులూడుతున్న శ్లాబు మీద మాత్రం ఈ పరీక్ష వద్దు. వెయ్యి చదరపు అడుగుల మేడపై అంగుళం నీరంటే రెండు టన్నులకు పైమాటే.

నెర్రెలు పూడ్చి, నీరు తూము వైపు పరుగెత్తేలా పది అడుగులకు కనీసం అంగుళం పావు వాలు ఇప్పించాలి. వాటర్‌ప్రూఫింగ్ పూత దీనికి తోడు మాత్రమే. వాలు సరిచేయకుండా పూతొక్కటే కొట్టిస్తే నీరు నిలిచినచోటల్లా పొరలుగా లేచిపోతుంది. పైన తెల్ల టైల్స్ ముక్కలు పరిపిస్తే వేడీ తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్‌రూఫ్ విధానం చెప్పేదీ ఇలాంటి తెల్లని కప్పుల గురించే.

చువ్వ కనిపిస్తే...

ఇనుము తుప్పు పడితే తన పరిమాణానికి రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికే కింది కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పుగాలి దీన్ని ఇంకా తొందర చేస్తుంది. ఊడినచోట సిమెంటు మెత్తితే లోపల తుప్పు ఆగదు. సుత్తితో తట్టి, బోలుగా మోగిన మేరా చెక్కేయాలి. చువ్వను తళతళలాడేదాకా రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ మోర్టార్‌తో పూడ్చాలి. చువ్వ సన్నబడితే పక్కన కొత్తది కలపాలి.

శ్లాబంతా ఇలాగే ఉంటే మార్చక తప్పదు. వెయ్యి చదరపు అడుగులకు ఐదంగుళాల మందాన దాదాపు 12 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. అంటే సుమారు 95 బస్తాల సిమెంటు, టన్ను దాకా ఇనుము. సిమెంటుపై జీఎస్టీ 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి తగ్గినా సెంట్రింగు, కూలి, పాతది కూల్చే ఖర్చు, చెత్త ఎత్తే ట్రాక్టరు, పని అయ్యేదాకా అద్దె ఇల్లు... అన్నీ కలిపి రాసుకోవాలి.

పైన ఇంకో అంతస్తా?

అదే కొలతల్లో వేసే కొత్త శ్లాబు ఒక్కటే 30 టన్నుల బరువు. గోడలు, ట్యాంకు, మనుషులు అదనం. మోసేది పునాది కాబట్టి లెక్క కిందినుంచి మొదలవ్వాలి. పిల్లర్లు లేకుండా గోడల మీద నిలిచిన ఇల్లయితే మరీ జాగ్రత్త. 'ఎప్పటికైనా పనికొస్తాయిలే' అని వదిలిన పిల్లరు చువ్వలు ఏళ్లతరబడి వానకు తడిసి తుప్పు పట్టి ఉంటాయి. వాటికి అతికించి పైకి లేపడం ప్రమాదం. కాంక్రీటు గట్టిదనాన్ని పగలగొట్టకుండానే పరీక్షించే పద్ధతులున్నాయి. చాలా ఇంజినీరింగ్ కళాశాలల సివిల్ విభాగాలు ఆ పని చేసిపెడతాయి.

అనుమతి సంగతీ అంతే. అనుమతి లేని నిర్మాణాన్ని నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారం తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం ఇచ్చింది. మేడపై సోలార్ పెట్టించాలనుకున్నా మరమ్మతులు ముందే చేయించాలి. పీఎం సూర్యఘర్ కింద రూ.78 వేల దాకా రాయితీ వస్తుంది నిజమే, కానీ పాతికేళ్లుండే పలకలు బిగించాక వాటికింద నెర్రె పూడ్చడం మహా యాతన.

ఈ పనులకు మార్చి నుంచి మే దాకా అనువైన కాలం. అయితే ఎండలకు క్యూరింగ్ తప్పొద్దు. ఇళ్లకు ఎక్కువగా వాడే పీపీసీ సిమెంటుకు కనీసం పది రోజులు తడి ఆరకూడదు. కొటేషన్లో విస్తీర్ణం, మందం, వాడే సరుకు, గ్యారంటీ రాయించుకోండి. అంతకన్నా ముందు ఓ స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు ఇల్లు చూపించండి. మొత్తం ఖర్చులో అతిచిన్న పద్దు ఆయన ఫీజే. దాన్ని మిగుల్చుకోవాలని చూడొద్దు.