డెత్ (సంగీత బృందం)

డెత్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఫ్లోరిడాకు చెందిన సంగీత బృందము. గిటారు వాద్యకారుడు, గాయకుడు, గీత రచయిత అయిన చక్ షుల్డినర్ దీని స్థాపకుడు. 1983లో మాంటాస్ అన్న పేరుతో మొదలైన ఈ బృందము 1984లో డెత్ అని పేరు మార్చుకొన్నది. 1987 నుండి 1998 వరకు ఏడు స్టూడియో ఆల్బములను విడుదల చేసినది. డెత్ మెటల్ అనే సంగీత ప్రక్రియకు పునాది వేసిన బృందాలలో దీనిని ముఖ్యమైనదిగా పరిగణిస్తారు. 2001 డిసెంబరు 13న షుల్డినర్ మరణంతో బృందము శాశ్వతంగా ముగిసినది. ఆరంభం నుండి చివరి వరకు ఇందులో కొనసాగిన ఏకైక సభ్యుడు ఇతడే.

డెత్ మెటల్ అనగా

హెవీ మెటల్ 1970 దశకంలో బ్రిటన్‌లో రూపుదిద్దుకొన్న సంగీతము. 1980 దశకం తొలి సంవత్సరాలలో దాని వేగాన్ని పెంచి అమెరికా యువకులు థ్రాష్ మెటల్ అనే శాఖను సృష్టించారు. దానికన్నా ఉధృతమైన శాఖ డెత్ మెటల్. ఇందులో గిటారు తంత్రులను మామూలు శ్రుతికన్నా తగ్గించి బిగిస్తారు. అందువలన ధ్వని బరువుగా, మందంగా వినిపిస్తుంది. డ్రమ్ములు వాయించే వ్యక్తి రెండు కాళ్ళతోను రెండు పెడళ్ళను తొక్కుతూ ఎడతెగని దరువు వేస్తాడు. పాట మధ్యలో లయ, వేగము హఠాత్తుగా మారుతుంటాయి.

ఈ సంగీతంలో కొత్త శ్రోతలను ముందుగా ఆశ్చర్యపరిచేది గాత్రము. గాయకుడు రాగయుక్తంగా పాడడు. స్వరతంత్రులకు కొంచెం పైన ఉండే మడతలను కూడా కంపింపజేసి గర్జన వంటి ధ్వని పలికిస్తాడు. అభ్యాసము లేకుండా ఈ పద్ధతిలో అరచినచో గొంతు దెబ్బతింటుంది. కాలిఫోర్నియాకు చెందిన పొసెస్డ్ బృందము 1985లో విడుదల చేసిన సెవెన్ చర్చెస్, డెత్ బృందము 1987లో విడుదల చేసిన స్క్రీమ్ బ్లడీ గోర్ - ఈ రెంటిలో ఏది మొట్టమొదటి డెత్ మెటల్ ఆల్బమ్ అనే విషయంపై అభిమానులలో భిన్నాభిప్రాయాలున్నాయి.

ఆరంభము

చక్ షుల్డినర్ 1967 మే 13న న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్‌లో జన్మించాడు. మరుసటి సంవత్సరమే వీరి కుటుంబము ఫ్లోరిడాకు తరలివెళ్ళినది. షుల్డినర్‌కు తొమ్మిదేళ్ళ వయసులో పదహారేళ్ళ అన్న రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఆ దుఃఖం నుండి బిడ్డను మరల్చడానికి తల్లిదండ్రులు గిటారు కొనిచ్చారు. కొద్దికాలమే పాఠాలు చెప్పించుకొని, తరువాత స్వయంగానే సాధన చేశాడు.

1983లో షుల్డినర్, రిక్ రాజ్, కామ్ లీ అనే ముగ్గురు యువకులు కలసి ఆర్లాండో నగర పరిసరాలలో మాంటాస్ బృందాన్ని ఏర్పాటు చేసుకొన్నారు. అప్పటికి షుల్డినర్ వయసు పదహారేళ్ళు. వీరు క్యాసెట్లపై పాటలు రికార్డు చేసి తపాలా ద్వారా ఇతర అభిమానులకు పంపేవారు. ఆ క్యాసెట్లను అందుకొన్నవారు మరికొన్ని నకళ్ళు తీసి ఇంకొందరికి పంపేవారు. ఈ విధంగా ఒక్క ఆల్బమ్ కూడా వెలువడకముందే బృందం పేరు అమెరికాలోను ఐరోపాలోను వ్యాపించినది.

సొంత ఊరిలో తగిన సభ్యులు దొరకక షుల్డినర్ కాలిఫోర్నియాకు వెళ్ళాడు. మధ్యలో కొద్దికాలము కెనడాలోని స్లాటర్ అనే బృందంలో కూడా చేరి తిరిగివచ్చాడు. కాలిఫోర్నియాలో క్రిస్ రైఫర్ట్ అనే డ్రమ్ము వాద్యకారునితో 1986లో చేసిన మ్యుటిలేషన్ అనే నమూనా క్యాసెట్ కోంబాట్ రికార్డ్స్ సంస్థ దృష్టికి వచ్చినది. 1987లో వెలువడిన తొలి ఆల్బమ్ స్క్రీమ్ బ్లడీ గోర్‌లో డ్రమ్ములు తప్ప గిటారు, బేస్ గిటారు, గాత్రము అన్నీ షుల్డినరే నిర్వహించాడు. పాటలలోని విషయాలు చాలావరకు భయానక చలనచిత్రాల నుండి తీసుకొన్నవి.

ప్రస్థానము

షుల్డినర్ ఫ్లోరిడాకు తిరిగివచ్చి రిక్ రాజ్, టెర్రీ బట్లర్, బిల్ ఆండ్రూస్‌లతో 1988లో లెప్రసీ ఆల్బమ్ చేశాడు. ఇది టాంపా నగరంలోని మారిసౌండ్ స్టూడియోలో రికార్డు అయినది. తరువాతి సంవత్సరాలలో ఈ స్టూడియో డెత్ మెటల్‌కు కేంద్రమైనది. ఒబిచువరీ, మార్బిడ్ ఏంజెల్, డీయిసైడ్, కానిబాల్ కార్ప్స్ మొదలైన బృందాల ఆల్బములు ఇక్కడే తయారైనవి.

లెప్రసీతో పాటల వస్తువు మారసాగినది. కల్పిత భూతప్రేతాల స్థానంలో నిజజీవితంలోని భయాలు ప్రవేశించినవి. పేరులోనే ఉన్న పాట కుష్ఠువ్యాధిగ్రస్తులను సమాజము వెలివేయడం గురించినది. పుల్ ది ప్లగ్ అనే పాట యంత్రాల ఆధారంతో ఆసుపత్రి మంచంపై ప్రాణం నిలుపుకొంటున్న రోగి వేదనను తెలుపుతుంది. 1990లో వచ్చిన స్పిరిచువల్ హీలింగ్ ఆల్బమ్‌లో మతము పేరిట జరిగే మోసాలు, మాదకద్రవ్యాలకు బానిసైన తల్లికి పుట్టే శిశువు వంటి విషయాలున్నాయి.

1991లో వెలువడిన హ్యూమన్ ఆల్బమ్ బృంద చరిత్రలో పెద్ద మలుపు. సైనిక్ బృందం నుండి పాల్ మాస్విడాల్, షాన్ రైనర్ట్‌లు, సేడస్ బృందం నుండి స్టీవ్ డిజార్జియో ఇందులో పాల్గొన్నారు. మాస్విడాల్, రైనర్ట్‌లకు జాజ్ సంగీతంతో పరిచయము ఎక్కువ. అందువలన పాటల నడక సంక్లిష్టమైనది. పాశ్చాత్య సంగీతంలో సాధారణమైన నాలుగు మాత్రల లెక్కను విడిచి ఐదు, ఏడు మాత్రల లెక్కలలోకి మారడం తరచుగా కనిపిస్తుంది. మన ఖండచాపు, మిశ్రచాపు తాళాలు తెలిసినవారు ఈ విరుపులను సులభంగా గుర్తించగలరు. సాంకేతిక డెత్ మెటల్ అనే ఉపశాఖకు ఈ ఆల్బమ్ మార్గదర్శకమైనది.

1993లో ఇండివిడ్యువల్ థాట్ ప్యాటర్న్స్, 1995లో సింబాలిక్ వెలువడినవి. ఈ రెంటిలోను జీన్ హోగ్లన్ డ్రమ్ములు వాయించాడు. సింబాలిక్‌లో ఉధృతితో పాటు శ్రావ్యత కూడా సమానంగా ఉన్నది. తరువాత షుల్డినర్ గర్జనకు బదులు రాగయుక్తమైన గాత్రముతో కంట్రోల్ డినైడ్ అనే మరొక బృందాన్ని ప్రారంభించాడు. అయితే 1998లో మళ్ళీ డెత్ పేరుతోనే ద సౌండ్ ఆఫ్ పర్సెవెరెన్స్ విడుదల చేశాడు. ఇదే చివరి ఆల్బమ్. పట్టుదల యొక్క ధ్వని అని ఈ పేరుకు అర్థము.

సభ్యుల మార్పులు

ఏడు ఆల్బములలో ఏ రెండింటిలోను సభ్యులందరూ ఒకే విధంగా లేరు. దీనికి షుల్డినర్ స్వభావమే కారణమని కొందరు విమర్శించారు. కానీ ప్రతి ఆల్బమ్‌లోను సంగీతము మారుతూ వచ్చినది. ఆ మార్పుకు తగిన వాద్యకారులను ఎంచుకోవడం వలన కూడా సభ్యులు మారినట్లు గమనించవచ్చు. స్పిరిచువల్ హీలింగ్ తరువాత షుల్డినర్ శాశ్వత సభ్యులకు బదులుగా ఒక్కొక్క ఆల్బమ్‌కు కావలసినవారిని ఆహ్వానించే పద్ధతిని అవలంబించాడు. ఇక్కడ వాయించినవారిలో చాలామంది తరువాత సొంతంగా పేరు తెచ్చుకొన్నారు.

ప్రదర్శనలు

డెత్ బృందం ప్రదర్శనలలో వేషధారణకు, రంగులకు, మంటలకు ప్రాధాన్యము లేదు. సభ్యులు మామూలు చొక్కాలతోనే వేదికపై నిలిచేవారు. షుల్డినర్ కష్టమైన గిటారు వరుసలను వాయిస్తూనే పాడేవాడు. చేతి లయ ఒక విధంగా, గొంతు లయ మరొక విధంగా సాగే పాటలలో ఇది సులభమైన పని కాదు. శ్రోతలు కుర్చీలలో కూర్చొని వినే ఆచారము ఈ కచేరీలలో లేదు. వేదిక ముందు యువకులు గుంపుగా చేరి ఒకరినొకరు తోసుకొంటూ గంతులు వేస్తారు. పడిపోయినవారిని పక్కవారు లేవదీయడం అక్కడి అలిఖిత నియమము.

బృందానికి పర్యటనలు తరచు కష్టాలనే తెచ్చిపెట్టినవి. 1990లో జర్మనీకి చెందిన క్రియేటర్ బృందంతో కలసి ఐరోపా పర్యటన నిర్ణయమైనది. ఏర్పాట్లు సరిగా లేవని భావించిన షుల్డినర్ చివరి క్షణంలో విరమించుకొన్నాడు. బట్లర్, ఆండ్రూస్‌లు మాత్రము వెనుకకు తగ్గలేదు. వెంట వచ్చిన సహాయక సిబ్బందిలో ఇద్దరిని గాయకునిగా, గిటారు వాద్యకారునిగా నిలబెట్టి, డెత్ పేరుతోనే ప్రదర్శనలు ఇచ్చారు. స్థాపకుడు లేకుండా అదే పేరుతో బృందము వేదిక ఎక్కడం అభిమానులలో వివాదమైనది. ఒప్పుకొన్న కచేరీలను రద్దు చేస్తే టిక్కెట్టు కొన్నవారికి అన్యాయము జరుగుతుందనేది ఒక వాదన. పాటలు రాసినవాడు లేనిదే ఆ పేరుకు అర్థము లేదనేది మరొక వాదన. పర్యటన తరువాత షుల్డినర్ వారిద్దరినీ తొలగించాడు. మాటమీద నిలబడడనే అపవాదు మాత్రము ఇతనిని చాలాకాలము వెంటాడినది.

1998లో నెదర్లాండ్స్‌లోని డైనమో ఓపెన్ ఎయిర్ ఉత్సవంలో ఇచ్చిన ప్రదర్శన, అదే సంవత్సరము డిసెంబరు 5న లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని విస్కీ ఎ గోగో అనే సంగీతశాలలో ఇచ్చిన ప్రదర్శన రికార్డు చేయబడినవి. మొదటిది వేలాదిమంది హాజరైన బహిరంగ ఉత్సవము కాగా రెండవది కొన్ని వందలమంది మాత్రమే పట్టే చిన్న శాల. రెండు చోట్లా షానన్ హామ్, స్కాట్ క్లెండెనిన్, రిచర్డ్ క్రిస్టీలు షుల్డినర్‌తో ఉన్నారు.

అనారోగ్యము, మరణము

1999లో షుల్డినర్‌కు మెడ పైభాగంలో నొప్పి మొదలైనది. నరము నొక్కుకొనిపోయినదని మొదట భావించారు. కానీ పరీక్షలలో మెదడు కాండంలో కణితి ఉన్నట్లు తేలినది. ఈ సంగతి తెలిసిన రోజు మే 13, అనగా ఇతని 32వ పుట్టినరోజు. రేడియేషన్ చికిత్స తరువాత 2000 జనవరిలో శస్త్రచికిత్స చేసి కణితిలో సుమారు సగభాగము తొలగించారు. ఖర్చు 70 వేల డాలర్లకు చేరినది. ప్రపంచమంతటా అభిమానులున్నప్పటికీ ఆ మొత్తము భరించే స్థోమత కుటుంబానికి లేదు. ఈ సంగీతము అమ్ముడుపోయే సంఖ్య తక్కువ, పర్యటనల ఆదాయము అంతంతమాత్రము.

సహాయార్థము పలుచోట్ల కచేరీలు జరిగినవి. కార్న్, రెడ్ హాట్ చిల్లీ పెప్పర్స్, కిడ్ రాక్ వంటి ప్రసిద్ధులు తమ వస్తువులను వేలానికి ఇచ్చారు. 2001లో వ్యాధి తిరగబెట్టినది. పైన చెప్పిన రెండు 1998 ప్రదర్శనల రికార్డులను చికిత్సకు నిధుల కొరకు 2001 అక్టోబరులో ఆల్బములుగా విడుదల చేశారు. ఆ కాలంలోనే షుల్డినర్ కంట్రోల్ డినైడ్ రెండవ ఆల్బమ్ పని కూడా చేస్తూనే ఉన్నాడు. అది పూర్తి కాలేదు. కీమోథెరపీ ఇతని శరీరాన్ని బాగా కుంగదీసినది. నిమోనియా కూడా సోకడంతో 2001 డిసెంబరు 13న, 34 ఏళ్ళ వయసులో ఇతడు కన్నుమూశాడు.

ప్రభావము

బృందం పేరు మృత్యువు అయినప్పటికీ షుల్డినర్ తనను జీవితాన్ని ప్రేమించే వ్యక్తిగానే చెప్పుకొనేవాడు. సైతాను ఆరాధనతో తనకు సంబంధము లేదని స్పష్టము చేశాడు. బృందం చిహ్నంలో మొదట ఉన్న తలకిందుల శిలువ గుర్తును తరువాత తీసివేశాడు.

2012లో పూర్వ సభ్యులు కొందరు డెత్ టు ఆల్ అనే పేరుతో అమెరికాలో పర్యటించారు. కష్టాలలో ఉన్న సంగీతకారులకు వైద్యసహాయము అందించే స్వీట్ రిలీఫ్ అనే నిధికి తోడ్పడడం ఆ పర్యటన ఉద్దేశము. తరువాత ఇది పలుదేశాలలో కొనసాగినది. ఈ పూర్వ సభ్యులలో క్లెండెనిన్ 2015లోను, రైనర్ట్ 2020లోను మరణించారు.

భారతదేశంలో డెత్ మెటల్‌కు శ్రోతలు కొద్దిమందే. అయినప్పటికీ తెలుగునాట కూడా ఈ ప్రక్రియ వేళ్ళూనినది. హైదరాబాదు కేంద్రంగా 2015లో ఏర్పడిన గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బృందము 2016లో సెంచరీస్ ఆఫ్ డికేడెన్స్, 2018లో స్వార్మ్ అనే చిన్న ఆల్బములను, 2021లో స్టేట్స్ ఆఫ్ కేయాస్ అనే పూర్తి ఆల్బమ్‌ను విడుదల చేసినది. 1984లో ఫ్లోరిడా యువకులు క్యాసెట్ల ద్వారా పంచుకొన్న సంగీతము మూడు దశాబ్దాలలో ఎంత దూరము ప్రయాణించినదో దీనినిబట్టి తెలుస్తుంది.

స్టూడియో ఆల్బములు

- స్క్రీమ్ బ్లడీ గోర్ - 1987
- లెప్రసీ - 1988
- స్పిరిచువల్ హీలింగ్ - 1990
- హ్యూమన్ - 1991
- ఇండివిడ్యువల్ థాట్ ప్యాటర్న్స్ - 1993
- సింబాలిక్ - 1995
- ద సౌండ్ ఆఫ్ పర్సెవెరెన్స్ - 1998

ప్రదర్శనల ఆల్బములు

- లైవ్ ఇన్ ఎల్.ఎ. - 2001 (1998 డిసెంబరు నాటి ప్రదర్శన)
- లైవ్ ఇన్ ఐండ్‌హోవెన్ - 2001 (1998 డైనమో ఉత్సవము)