ముగ్గురాయి – చల్లని ఇంటికప్పు

కడప ప్రాంతమున ఓబులవారిపల్లెకు సమీపములోని మంగంపేట ముగ్గురాయి గనులకు ప్రసిద్ధి చెందినది. ఒకేచోట ఇంత పెద్ద నిక్షేపము ప్రపంచములో మరెక్కడను లేదని భూగర్భ శాస్త్రజ్ఞుల అంచనా. బెరైటీసు అని కూడ పిలువబడు ఈ ఖనిజము రసాయనికముగా బేరియము సల్ఫేటు. ఇది నీటికంటె సుమారు నాలుగున్నర రెట్లు బరువు. అందుచేతనే చమురుబావులు తవ్వునపుడు దీని పొడిని బురదలో కలుపుతారు. ఆ బరువు లోపలినుండి ఎగదన్ను చమురును, వాయువును అణచి ఉంచును.

ఈ పదార్థమునకు మరొక గుణము కలదు. మంగంపేట రాయి బూడిదరంగుగా ఉన్నను, శుద్ధి చేసిన బేరియము సల్ఫేటు మిక్కిలి తెల్లనిది. 2021లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున షియులిన్ రువాన్ బృందము దీనితో తయారుచేసిన రంగు, తనపై పడిన ఎండలో 98.1 శాతమును తిప్పికొట్టినది. మామూలు తెల్లరంగులోని టైటానియము డయాక్సైడు అతినీలలోహిత కిరణములను పీల్చుకొనును. బేరియము సల్ఫేటు పీల్చుకొనదు. రేణువులు చిన్నవి, పెద్దవి కలిసి ఉండుటచే వేర్వేరు తరంగదైర్ఘ్యముల కాంతి కూడ చెదరిపోవును. మిగిలిన వేడిని రంగు పరారుణ కిరణములుగా ఆకాశమునకు వెడలగొట్టును. ఫలితముగా మండుటెండలో సైతము ఆ రంగు వేసిన తలము చుట్టునున్న గాలికంటె చల్లగా ఉన్నది.

ఎండ అందరిపైన ఒకే తీరున కాయును గాని అందరినీ ఒకే తీరున బాధింపదు. నడివేసవి మధ్యాహ్నము చదరపు మీటరుపై సుమారు 1,000 వాట్ల సౌరశక్తి పడుననుకొందము. 20 చదరపు మీటర్ల రేకుల కప్పు అందులో 80 శాతము పీల్చినచో 16,000 వాట్లు. తెల్లపూతతో 30 శాతమే పీల్చినచో 6,000 వాట్లు. ఇదంతయు ఇంటిలోనికే రాదు. కొంత గాలికి పోవును. అయినను తేడా స్వల్పము కాదు.

2017లో హైదరాబాదు దేవరకొండ బస్తీలో 25 ఇండ్లపై తెల్లని పొర పరచి చూడగా, లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గినది. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. అందులో 600 చదరపు గజములకు తక్కువ స్థలములోని నివాసములకు ఇది ఐచ్ఛికము. రేకుల ఇండ్లు చాలవరకు ఈ కోవలోనివే.

అందుచేత బస్తీవారే పూనుకొనవలసి ఉన్నది. అద్దె ఇంటిలో వేడి భరించువారు ఒకరు, కప్పుపై అధికారము గలవారు మరొకరు. పైగా దుమ్ము పేరుకొన్నకొలది తెల్లదనము తగ్గును. వేసవికి ముందు కడిగి మరల పూయవలెను. వీధివారందరు కలిసి యజమానులతో మాట్లాడి, సున్నము ఒకేసారి కొని, పనిని పంచుకొన్నచో ఖర్చు తగ్గును. అహమ్మదాబాదులో 1994లో నెలకొన్న మహిళా హౌసింగు ట్రస్టు బస్తీ స్త్రీల సంఘములద్వారా ఇట్లే కప్పులకు తెల్లపూత వేయించినది.

కొత్తరంగు బజారుకు వచ్చువరకు ఆగనక్కరలేదు. సున్నము అందుబాటులోనే ఉన్నది. రెండు రేకుముక్కలలో ఒకదానికి సున్నము పూసి, రెండింటిని గంటసేపు ఎండలో ఉంచి, క్రింద ఉష్ణమాపకములు పెట్టి పోల్చినచో విద్యార్థులే తేడాను లెక్కింపగలరు. ఆ అంకెలను వీధివారికి చూపుట తరువాతి పాఠము.